తుల్జవ్వ పెట్టిన మాయ

మొన్న పని నుంచి తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఫోరస్ రోడ్ మూల మీద బస్సు ఆగినప్పుడు ఒకామె పూలగంపతో ఎక్కింది. గంప మీద తడి గోనె కప్పి ఉంది. పూలు కనిపించలేదు కానీ గోనె కింద నుంచి దవనం వాసన వచ్చింది. మల్లెలకూ బంతులకూ నేను తల తిప్పను. దవనానికి మాత్రం తల దానంతట అదే తిరుగుతుంది. తిరిగిన వెంటనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్న మనిషి నాకు ఆ వాసన పడదనుకుని కిటికీ ఇంకాస్త తెరిచాడు. సంగతి అది కాదు. దేవుడికి పోయే పువ్వును వాసన చూడకూడదని నాకు ఒక మనిషి నేర్పింది. ఆ గంప గుడికి పోతుందో, ఎవరి జడలోకి పోతుందో నాకెలా తెలుస్తుంది? తెలియనప్పుడు దేవుడిదే అనుకొమ్మని చెప్పింది కూడా ఆ మనిషే.

ఆమె పేరు తుల్జవ్వ. కామాటిపురలో మా చాల్‌లోనే, వరండా పొడుగునా గదికో కుటుంబం ఉండే ఆ బిల్డింగులో మా గదికి రెండు తలుపుల అవతల ఉండేది. వాళ్ల తాత రాళ్లు మోయడానికి ముంబై వచ్చాడట. అప్పటి నుంచి ఆ కుటుంబం ఇక్కడిదే. ఊరంటే ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. ఇంట్లో విన్న తెలుగూ బజార్లో నేర్చిన మరాఠీ కలిసిపోయి ఆమె నోట మూడో భాషగా వచ్చేవి. పొద్దున్నే దాదర్ నుంచి పూలు తెచ్చుకుని, గుమ్మంలో కూర్చుని మాలలు కట్టి, సాయంత్రం గల్లీ మొదట్లో అమ్మేది. శనివారాలు ఎల్లమ్మ గుడిలో భజన పాడించేది. తత్వాలు పాడుకోవడానికని వాళ్ల నాయన ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పించాడు. మా వరండా మొత్తంలో తెలుగు చదవగలిగిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

నేను పాలమూరు వైపు నుంచి పెళ్లయి వచ్చాను. మొగుడితో పాటు పొద్దున్నే నాకా మీద, అంటే కూలికి పిలిచేవాళ్ల కోసం నిలబడే కూడలిలో, నిలబడేదాన్ని. మనుషుల గురించి నాకు తెలిసిందంతా అక్కడే తెలిసింది. తిట్టి పిలిచే మేస్త్రీ పర్వాలేదు. "అక్కా, చాయ్ తాగినవా" అని పిలిచే మేస్త్రీ దగ్గర ఆ రోజు నడుం విరుగుతుంది. మొగుడు జబ్బుచేసి పోయాడు. ఆ తర్వాత నా చెల్లెలూ పోయింది. చెల్లెలి కూతురు పూజ అడుగులు వేస్తున్న వయసులో నా చంక ఎక్కింది. నాకు కడుపు పండలేదు. ఆ పిల్లే నాకు లోకం. మా గల్లీల్లో ఎదిగే ఆడపిల్ల చేతిలో ఎవరైనా చాక్లెట్ పెడితే ఎందుకు పెడతారో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. "ఈడ ఊరికే ఇచ్చేటోళ్లు ఎవ్వరు లేరు బిడ్డా" అన్నది నేను ఆ పిల్లకు నేర్పిన మొదటి పాఠం.

అలాంటిది, ఒకరోజు పని నుంచి వచ్చేసరికి పూజ తుల్జవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. ఒడిలో పలక, పక్కన పూలబుట్ట. నేను సద్దిగిన్నె అక్కడే దించి అడిగాను.

"అవ్వా, పిల్లను ఎందుకు కూసోబెట్టుకున్నవ్?"

"అక్షరాలు దిద్దిస్తున్న. తెలుగోళ్ల పోరి. మరాఠీ బడికి పోతది, తెలుగుల పేరు రాసుకోనీకె రాదు. లాజ్ వాటత్ నాహీ నీకు?" సిగ్గనిపించడం లేదా అని మరాఠీలో అడుగుతోంది, తెలుగు రాదని నిందిస్తూ.

"దిద్దిస్తే నీకేమొస్తది?"

"నాకేమొస్తది? ఏం రాదు."

ఏమీ రాదన్న ఆ మాటే నన్ను భయపెట్టింది. పూలు కట్టడానికి ఒక చెయ్యి దొరుకుతుందనో, ముసలితనంలో నీళ్లు పట్టిస్తుందనో చెప్పి ఉంటే ఇంత అని బేరం చేసుకుని ఊరుకునేదాన్ని. ఏమీ అడగని మనిషి అన్నీ అడుగుతుందని నాకా నాకు నేర్పింది. ఆ రోజు నుంచి ఒక కన్ను ఆ గుమ్మం మీదే పెట్టాను. పూజ జేబులు వెతికేదాన్ని. అవ్వ ఏం పెట్టింది, ఏం అడిగింది, మన ఇంటి మాటలు ఏమైనా తీసిందా అని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. పిల్ల విసుక్కునేది.

ఒక సాయంత్రం నేను రొట్టెలు చేస్తుంటే పూజ వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. నన్ను మౌషీ అని పిలుస్తుంది. పెద్దమ్మా అని పిలవమంటే నవ్వుతుంది.

"మౌషీ, అవ్వకు నా మీద మస్తు మాయ ఉన్నది తెల్సా?"

రొట్టె పెనం మీద మాడిపోయింది. మా ఊళ్లో మాయ అంటే ఒకటే అర్థం. మాయ చేసి పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు, మాయమాటలు చెప్పి బంగారం ఒలిచేవాళ్లు. జాతరకు వచ్చే సాధువులు కూడా ఈ సంసారమంతా మాయ, చిక్కుకోకండి అని హెచ్చరించేవాళ్లు.

"నీకెట్ల తెల్సే?" అన్నాను గొంతు తగ్గించి.

"అవ్వనే చెప్పింది."

"నోటితోనే చెప్పిందా?"

"హా. బుగ్గ మీద ముద్దు పెట్టి మరీ చెప్పింది."

ఇక ఆగలేదు. కుంపట్లో బొగ్గులు రాజేసి, ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల తల చుట్టూ తిప్పి నిప్పుల మీద వేశాను. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని మా నమ్మకం. ఆ రోజు ఎంత ఘాటు వచ్చిందంటే వరండా వరండా అంతా దగ్గుతూ బయటికి వచ్చింది. దిష్టి లేదన్నమాట. నాకు మాత్రం అలా అనిపించలేదు. మిరపకాయలను కూడా ఏమార్చగల మాయ అనిపించింది. అనుమానపు మనిషికి ఎటు చూసినా సాక్ష్యమే దొరుకుతుంది.

దగ్గుతూ వచ్చినవాళ్లలో తుల్జవ్వ కూడా ఉంది.

"ఏందే అంజమ్మా, బిల్డింగ్ కాలపెడ్తున్నవా?"

"నువ్వు నా పిల్లకు మాయ పెట్టినవా లేదా? అందరి ముందర చెప్పు!"

"పెట్టుడేంది, ఉన్నది. మస్తున్నది మాయ. కశాలా, ఎందుకు దాసుకోవాలె?"

"ఒప్పుకుంటున్నవా?"

"ఎందుకొప్పుకోను? నీకు లేదా మాయ?"

"నాకెందుకుంటది! మా ఇంటావంటా లేదు. మా అమ్మ గాని, మా అమ్మమ్మ గాని, ఎవ్వరు అసుంటి పని చెయ్యలే!"

"అగ బాయీ!" తుల్జవ్వ బుగ్గలు నొక్కుకుంది. "ఇంటావంటా లేదంట! సొంత బిడ్డ లెక్క సాకుతున్న పోరి మీద మాయ లేదంటది సూడుండ్రి!"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. పూజ నా కొంగు పట్టి లాగింది. "మౌషీ, అరుస్తవెందుకు? మాయ అంటే మరాఠీల పాయిరం. అమ్మకు బిడ్డ మీద ఉంటది చూడు, అది."

పాయిరం అనేది మా వైపు ప్రేమకు మాట. పూజకు ఆ మాట వచ్చిందే నా నోటి నుంచి. నేను తేరుకోకముందే తుల్జవ్వ అడిగింది, "మరి మీ ఊళ్లె మాయ అంటె ఏంది?"

"మోసం," అన్నాను.

ఆమె నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమయి గోడ పట్టుకుని కూలబడింది. కళ్లు తుడుచుకున్నాక మాత్రం మొహంలో నవ్వు లేదు. "ఒక్క మాటలనే రెండు పెట్టిండు దేవుడు. జాగ లేక పెట్టిండో, తెలిసే పెట్టిండో," అంది. తర్వాత నాకేసి చూసి, "నువ్వన్నది గూడ తప్పు గాదు. నమ్మకం లేకుంటె రోజూ వచ్చి కావలి కూసో," అంది.

కావలి కూర్చున్నాను. నలుగురిలో నవ్వులపాలైనా సరే, నాకు నమ్మకం కుదరలేదు. ప్రేమకూ మోసానికీ ఒకే మాట వాడే భాష మీదే అనుమానం వచ్చింది. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటే నేను ఎదురుగా, గుమ్మానికి వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఇద్దరి మొహాలూ కనిపించేది అక్కడి నుంచే. పలక మాత్రం నాకు తలకిందులుగా కనిపించేది. తలకట్లు నా కంటికి కాళ్లకు కట్టిన గజ్జెల్లా ఉండేవి. అవ్వ ఏ అక్షరానికి ఏ శబ్దం పలుకుతుందో, పిల్లకు ఏ మాటలు ఎక్కిస్తుందో అని చూపు తిప్పకుండా చూసేదాన్ని. ఒకరోజు అవ్వ రాసిన మాట దగ్గర పూజ ఆగిపోయింది. గుమ్మంలోంచి నేను అన్నాను, "వల."

ఇద్దరూ తలెత్తి చూశారు. నా నోటి నుంచి వచ్చిన మొదటి చదువు అది. వల అన్న మాటే కావడంతో నాకు మళ్లీ అనుమానం.

"దొంగదానా!" అంది తుల్జవ్వ. "కావలి కూసుంట కూసుంట సదువు దొంగిలించినవ్ గదనే!" పలకను నా వైపు తిప్పింది. నిటారుగా నిలబడ్డ అక్షరాలు నాకు ఒక్కటీ తెలియలేదు. మళ్లీ అటు తిప్పితే చదివాను. పూజ నేల మీద పడి నవ్వింది. తుల్జవ్వ నవ్వలేదు. అప్పటి నుంచి రోజూ పలకను కొద్ది కొద్దిగా పక్కకు తిప్పుతూ వచ్చింది. ఎదురుగా ఉన్న నేను కూడా జరుగుతూ జరుగుతూ, వాన కాలం వచ్చేసరికి ఆమె పక్కన కూర్చుని ఉన్నాను. నన్ను ఆమె అలా లాక్కుందా, నేనే జరిగానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

చదువు అయ్యాక పూలు కట్టేవాళ్లం. ఆమెకు రెండు బుట్టలు. ఒకటి గుడికి, ఒకటి సాయంత్రం జడల్లో పెట్టుకునే ఆడవాళ్లకు. ఫాక్‌లాండ్ రోడ్ వైపు నుంచి, రాత్రిళ్లు గిరాకీల కోసం నిలబడే ఆడవాళ్లు కూడా కొనడానికి వచ్చేవాళ్లు. మాల ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చి, బాగుంటేనే తీసుకునేవాళ్లు. రెండు బుట్టలూ ఒకే గోనెలోంచి నిండటం చూసి నేను అడిగాను.

"గన్నీ ఒక్కతీరు పూలే కదా. ఇందుల దేవుని పువ్వు ఏదంట?"

"నేను వాసన సూడంది."

"సూస్తె ఎవ్వరికి తెలుస్తది?"

"నా ముక్కుకు తెలుస్తది. దానికి ఒక్కసారి రుచి మరిగిందంటె ఇంక మాల కట్టనిస్తదా? పువ్వు మీద పాయిరం ఉండొచ్చు అంజమ్మా. నా ముక్కు కాడికే రావాలన్నది ఆశ."

తియ్యటి మాటలు నాకు పడవు. "సాధువుల లెక్క మాట్లాడకు," అన్నాను. "ఆశ లేని పాయిరం యాడుంటది? ఆకలి లేకుండ అన్నం తింటరా ఎవరన్న?"

ఆమె ఓడిపోయినట్టు తల ఊపింది.   దారం పక్కన పెట్టి తన సంగతి చెప్పుకొచ్చింది. "కొడుకు గావాలని ఎల్లమ్మ తల్లికి రోజూ మాల కట్టిన. పుట్టలే. కోపమొచ్చి గుడి దిక్కు పోవుడు బంద్ జేసిన. మా ఆయన అడిగిండు, నీకు తల్లి గావాల్నా కొడుకు గావాల్నా అని. కొడుకే అన్న. మరి గిన్నేండ్లు పూలు ఎవలకు ఏసినవే, అన్నడు. గంతే. తల్లి ముందర నిలబడి తల్లిని సూడనే లేదు నేను. ఆమె ఎనుక ఎవడన్న పోరడు నిలబడి ఉన్నడా అని తొంగి సూసిన." కొంతకాలానికి మళ్లీ గుడికి వెళ్లిందట. ఏమీ అడగకుండా మాల వేసి రావడం నేర్చుకోవడానికి, అడుగుతూ గడిపిన ఏళ్లకంటే ఎక్కువ కాలం పట్టిందట.

వింటూ నేను తల ఊపాను. లోపల మాత్రం ఇంకో అనుమానం మొలిచింది. కొడుకు కోసం అంత ఆరాటపడ్డ మనిషి. పిల్లలు లేని మనిషి. రెండు తలుపుల అవతల తల్లిలేని పిల్ల. ఏమీ రాదు, ఏమీ వద్దు అనే మాటల వెనక ఉన్నది ఇదా?

పూజ పన్నెండో తరగతి అయ్యాక నాగ్‌పూర్‌లో నర్సు చదువుకు సీటు వచ్చింది. అక్కడే హాస్టల్. పిల్ల ఎగిరి గంతేసింది. నేను వద్దన్నాను. ఆడపిల్ల, తెలియని ఊరు, ఎవరి కన్ను ఎలాంటిదో అని రోజుకో కారణం చెప్పాను. ఏ కారణం చెప్పినా నా గొంతు నాకే నకిలీగా వినిపించేది. పూజ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. వెళ్లనివ్వకపోతే ఈ పిల్ల నా దగ్గర ఉంటుంది కానీ నాది కాకుండా పోతుందని తెలుస్తూనే ఉంది. వెళ్లనిస్తే గదిలో నేనూ నాలుగు గోడలూ.

ఈ అక్షరాలు, ఈ ఆశలు ఎక్కించిందెవరు? నేరుగా తుల్జవ్వ దగ్గరికి వెళ్లాను. పూలు ముందేసుకుని కూర్చుంది కానీ కట్టడం లేదు.

"నా పిల్లను నా నుంచి తెంపుతున్నది నువ్వే. పొమ్మని నువ్వే నేర్పినవ్," అన్నాను.

"పొమ్మన్ననా?" ఆమె మెల్లగా లేచి, దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతున్న చిన్న పసుపు గుడ్డ మూట తెచ్చి నా ముందు పెట్టింది. కోరిక కోరుకుని రూపాయి బిళ్ల కట్టి ఉంచే ముడుపు. "ఆ సీటు రావొద్దని మొక్కుకున్న. వచ్చినంక, పోవొద్దని మొక్కుకున్న. నీకంటె ముందుగల్లనే."

 ఇన్నాళ్లూ వెతికిన దొంగసొత్తు దొరికినట్టయింది. దొరికాక కోపం రావాలి కదా, రాలేదు.

"నువ్వు అనుమానపడ్డది మంచిగైంది అంజమ్మా," అంది ఆమె. "నన్ను నేను ఒక్కనాడు అనుమానపడలే. కొడుకు ముచ్చట అయిపోయింది, ఆశ సచ్చిపోయింది అనుకున్న. పోరి మీద నాదంత మరాఠీ మాయ అనుకున్న. తెలుగు మాయ అయింది."

ముడుపు నా చేతిలో పెట్టింది. "ఇప్పు."

"నన్నెందుకు ఇప్పమంటున్నవ్? కట్టింది నువ్వు గద."

"నా చేతులు ఇప్పుతలేవు."

"వేళ్లు నొస్తున్నయా?"

"వేళ్లు గాదు."

నిజం చెబుతున్నాను, ఆ ముడి విప్పాలని నాకు లేదు. అది అలాగే ఉండి, తల్లి ఆ మొక్కు వింటే పూజ ఆగిపోతుంది. ఆపింది నేను కాదు, ఎల్లమ్మ. పిల్ల నన్ను తప్పు పట్టదు. నాకు కావలసిందంతా ఆ గుడ్డలో ఎవరో కట్టి ఉంచారు. తుల్జవ్వ మీద కూడా అనుమానం వచ్చింది. తన మొక్కు తెంపిన పాపం నా మీదికి తోస్తోందా? నన్ను పరీక్షిస్తోందా? తలెత్తి చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. చూస్తే విప్పొద్దని ఎక్కడ తనే అనేస్తుందోనని గోడవైపు మొహం తిప్పుకుని ఉంది. మా ఇంట్లో పూజ తిప్పుకున్నట్టే.

అప్పుడు అర్థమైంది. ఇక్కడ పిల్ల గురించి ఆలోచిస్తున్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. ఇద్దరం మా మా ముక్కుల గురించే ఆలోచిస్తున్నాం.

ముడి పసుపుతో బిగుసుకుపోయి ఉంది. గోరు విరిగింది. దేవుడిది కదా, పళ్లతో లాగకూడదు. చాలాసేపు పట్టింది. బిళ్ల బయటికి రాగానే తుల్జవ్వ దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి వెళ్లి హుండీలో వేసి వచ్చింది. తిరిగి వచ్చి, "పోరికి చెప్పిపో," అంది. పూజ నన్ను నమ్మలేదు. "నిజంగనా మౌషీ? తర్వాత మాట మారుస్తవా?" అని ఎన్నిసార్లు అడిగిందో. నా పెంపకం మరి.

పూజ చదువు పూర్తి కాకముందే తుల్జవ్వ పోయింది. పూజ రైలెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్ల నా భుజం మీద పడి ఏడుస్తూ, అవ్వకు తన మీద ఉన్నంత ప్రేమ ఇంకెవరికీ లేదు అంది. తను పడి ఏడుస్తున్న భుజం ఎవరిదో మరిచిపోయి అన్న మాట అది. ఒక్క క్షణం గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో చూసుకున్నాను, అదే పాత చోటు. ఆ పసుపు గుడ్డ సంగతి పిల్లకు చెబితే లెక్క సరిపోయేది. చెప్పలేదు.

ఇప్పుడు పూజ అక్కడే ఆసుపత్రిలో పనిచేస్తోంది. అక్కడే ఉండిపోతుందేమో. నేను అనుమానపు మనిషిగానే మిగిలాను. ఎవరైనా చాయ్ ఇస్తే ఇప్పటికీ ముందు మొహం చూస్తాను, తర్వాతే కప్పు అందుకుంటాను. కానీ తుల్జవ్వ పోయాక నా అనుమానానికి పని పెరిగింది. నన్ను కూడా చూడాలి దానికి. ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అడుగుతుంది, ఇది ఎవరి కోసం అని. ఇల్లు బోసిగా ఉందని చేస్తున్నావా? నీ గొంతు వింటే పిల్ల జాలిపడి సెలవు పెట్టి వస్తుందని చేస్తున్నావా? ఔనని తేలితే ఫోను కింద పెట్టి, బియ్యం ఏరుకుంటూ కూర్చుంటాను. నిజం చెప్పాలంటే ఎక్కువసార్లు కిందే పెడతాను.

నిన్న పెట్టలేదు. పూజ వెంటనే ఎత్తింది.

"ఏమైంది మౌషీ? తబియత్ మంచిగనే ఉన్నదా?"

"నాకేం కాలే. నువ్వు తిన్నవా?"

"తిన్న. ఇంకేంది?"

"ఏం లేదు. గిదే అడుగుదామని."

 నా పిల్లే కదా, అనుమానంగా అడిగింది.

"గంతేనా?"

"గంతే," అన్నాను.